అతినీలలోహిత కెమెరాతో సల్ఫర్ డయాక్సైడ్ ఉద్గారాల కొలత

అతినీలలోహిత కెమెరా అనేది అగ్నిపర్వతాల నుండి, కర్మాగారాల పొగగొట్టాల నుండి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ వాయువును దూరం నుండి చిత్రించి, ఆ వాయువు సెకనుకు ఎన్ని కిలోగ్రాముల చొప్పున బయటికి వస్తున్నదో లెక్కకట్టడానికి ఉపయోగించే పరికరం. దీనిని సల్ఫర్ డయాక్సైడ్ కెమెరా అని కూడా అంటారు. సల్ఫర్ డయాక్సైడ్‌కు రంగు లేదు. అగ్నిపర్వతం మీద తెల్లగా కనిపించే మేఘంలో కంటికి ఆనేది చాలావరకు నీటి ఆవిరి చల్లబడి ఏర్పడిన తుంపరలే. అయితే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో కొన్నింటిని ఈ వాయువు బలంగా శోషిస్తుంది. కనుక ఆ కిరణాలను మాత్రమే గ్రహించే కెమెరాతో చూసినప్పుడు, వాయువు ఉన్న మేరకు ఆకాశం నల్లబడినట్లు కనిపిస్తుంది. ఆ నలుపు ఎంత చిక్కగా ఉన్నదో, ఎంత వేగంగా కదులుతున్నదో తెలిస్తే వాయువు ఎంత వెలువడుతున్నదో చెప్పవచ్చు.

ఈ పద్ధతి 2006, 2007 సంవత్సరాలలో వెలుగులోకి వచ్చింది. అంతకుముందు పద్ధతులలో ఒక్క కొలతకు నిమిషాలు, కొన్నిసార్లు అరగంట కూడా పట్టేది. కెమెరాతో దాదాపు సెకనుకు ఒక కొలత సాధ్యమైంది. ఈ కొలతలు కేవలం విజ్ఞాన కుతూహలానికి పరిమితమైనవి కావు. అగ్నిపర్వతం చుట్టూ ఉన్న ఊళ్ళను ఖాళీ చేయించాలా వద్దా అనే నిర్ణయంలో ఇవి కూడా ఒక ఆధారం.

ఈ వాయువునే కొలవడానికి కారణం

భూగర్భంలోని శిలాద్రవంలో (మాగ్మా) నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువులు అధిక పీడనం వలన కరిగి ఉంటాయి. శిలాద్రవం పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గుతుంది. అప్పుడు గోలీసోడాలో గోలీని లోపలికి నొక్కగానే బుడగలు పొంగినట్లుగా కరిగి ఉన్న వాయువులు విడివడి బయటపడతాయి. విస్ఫోటనానికి బలాన్ని ఇచ్చేది ఈ బుడగలే.

ఇలా వెలువడే వాయువులలో పరిమాణం రీత్యా నీటి ఆవిరిదే అగ్రస్థానం. తరువాతి స్థానం సాధారణంగా కార్బన్ డయాక్సైడ్‌ది. కాని ఈ రెండూ గాలిలో ముందు నుండే విస్తారంగా ఉన్నాయి. అగ్నిపర్వతం నుండి వచ్చిన వాటాను దూరం నుండి వేరుచేసి కొలవబోవడం చెరువులో పోసిన చెంబెడు నీళ్ళను వెతకడం వంటిది. సల్ఫర్ డయాక్సైడ్ సంగతి వేరు. పరిశుభ్రమైన గాలిలో ఇది వంద కోట్ల భాగాలకు ఒక భాగం కూడా ఉండదు. కనుక కొండ మీద కనిపించినదంతా కొండదే అనుకోవచ్చు. పైగా కార్బన్ డయాక్సైడ్ చాలా లోతులోనే శిలాద్రవం నుండి విడిపోవడం మొదలుపెడుతుంది. గంధకపు వాయువులు మాత్రం అధికభాగం ఉపరితలానికి దగ్గరపడిన తరువాతనే విడిపోతాయి. అందువలన సల్ఫర్ డయాక్సైడ్ ఉద్గారం పెరిగితే కొత్త శిలాద్రవం పైకి చేరిందని అనుమానించవలసి ఉంటుంది.

దీనికి ఉదాహరణగా తరచుగా పేర్కొనేది ఫిలిప్పీన్స్‌లోని పినతూబో అగ్నిపర్వతం. సుమారు ఐదు వందల సంవత్సరాలు నిద్రాణంగా ఉన్న ఆ పర్వతం 1991 ఏప్రిల్‌లో మేల్కొన్నది. మే 13న సల్ఫర్ డయాక్సైడ్ రోజుకు సుమారు 500 టన్నుల చొప్పున వెలువడుతున్నట్లు కొలిచారు. మే 28 నాటికి ఆ సంఖ్య 5,000 టన్నులు దాటింది. శిలాద్రవం పైకి వస్తున్నదని శాస్త్రజ్ఞులు గ్రహించారు. ఆ తరువాత ఒక వింత జరిగింది. జూన్ మొదటి వారంలో అదే కొలత రోజుకు సుమారు 280 టన్నులకు పడిపోయింది. కొండ చల్లబడుతున్నదని భావించి ఉంటే పెద్ద పొరపాటు జరిగి ఉండేది. శిలాద్రవం పై భాగంలో గట్టిపడి వాయువు వచ్చే దారులను మూసివేసిందని, లోపల పీడనం పెరుగుతున్నదని శాస్త్రజ్ఞులు అర్థం చేసుకున్నారు. అదే సమయంలో భూకంపనాలు కూడా పెరిగాయి. వేలాది ప్రజలను, సమీపంలోని అమెరికా వైమానిక స్థావరంలో ఉన్నవారిని తరలించారు. జూన్ 15న జరిగిన విస్ఫోటనం ఇరవయ్యవ శతాబ్దపు అతిపెద్ద విస్ఫోటనాలలో ఒకటి. ముందస్తు తరలింపు వలన కనీసం 5,000 మంది ప్రాణాలు దక్కాయని అంచనా. ఆ ఒక్కరోజు సుమారు ఒకటిన్నర నుండి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వాతావరణపు పై పొరలకు చేరి, మరుసటి సంవత్సరం భూగోళపు సగటు ఉష్ణోగ్రతను దాదాపు అర డిగ్రీ సెంటీగ్రేడు తగ్గించింది.

తక్కువ సంఖ్యకు రెండు అర్థాలు ఉండడమే ఇక్కడి చిక్కు. కొండ నిజంగా శాంతించినా వాయువు తగ్గుతుంది, గొంతు పూడుకుపోయినా తగ్గుతుంది. భూగర్భజలాలు దారిలో వాయువును కరిగించుకున్నా తగ్గుతుంది. నాలుగైదు రోజులకు ఒకసారి తీసిన ఒక్క కొలతతో వీటిని వేరుచేయడం కష్టం. వాయువు నిమిష నిమిషానికి ఎలా మారుతున్నదో తెలిస్తే ఆ మార్పులను భూకంపనాలతో పోల్చి చూడవచ్చు. కెమెరా కోసం అన్వేషణకు ఇది ఒక ముఖ్య కారణం.

మరొక కారణం భద్రత. 1993 జనవరి 14న కొలంబియాలోని గాలెరాస్ అగ్నిపర్వతం అకస్మాత్తుగా పేలినప్పుడు ఆరుగురు శాస్త్రజ్ఞులు, ముగ్గురు సందర్శకులు మరణించారు. బిలంలోకి దిగి వాయువుల నమూనాలు సేకరిస్తున్నవారు కూడా మృతులలో ఉన్నారు. కిలోమీటర్ల దూరంలో ముక్కాలిపీట మీద నిలబెట్టిన కెమెరా ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పిస్తుంది. బిలం లోపలి నుండి తెచ్చిన నమూనా చెప్పే విషయాలన్నీ కెమెరా చెప్పలేదన్నది కూడా నిజమే.

చరిత్ర

అగ్నిపర్వత వాయువులను దూరం నుండి కొలిచిన మొదటి పరికరం కాస్పెక్ అనే వర్ణపటమాపకం. కెనడాలో 1960ల చివర రూపొందిన ఈ యంత్రాన్ని అసలు కర్మాగారాల పొగను కొలవడానికి తయారుచేశారు. 1970ల మొదట్లోనే అగ్నిపర్వత శాస్త్రజ్ఞులు దీనిని అందిపుచ్చుకున్నారు. అమెరికా భూవిజ్ఞాని రిచర్డ్ స్టోయిబర్ మధ్య అమెరికా అగ్నిపర్వతాల వద్ద దీనితో చేసిన కొలతలు 1973లో ప్రచురితమయ్యాయి. పినతూబో కొలతలు కూడా కాస్పెక్‌తో తీసినవే.

ఈ యంత్రం ఆకాశంలో ఒక్క చుక్కను మాత్రమే చూడగలదు. కనుక దీనిని కారులోనో, విమానంలోనో, పడవలోనో పెట్టుకొని, గాలివాటున సాగే వాయుధార కింద ఒక అంచు నుండి మరొక అంచు వరకు ప్రయాణించవలసి వచ్చేది. దారి లేనిచోట కొలత లేదు. గాలి వేగాన్ని వేరుగా తెలుసుకోవాలి. మొత్తం లెక్కలో పెద్ద దోషం తరచు ఆ గాలి వేగం నుండే వచ్చేది.

2000 తరువాత అరచేతిలో ఇమిడే చిన్న వర్ణపటమాపకాలు చవకగా దొరకడంతో కాస్పెక్ క్రమంగా వెనుకబడింది. వాటిలో వాడే పద్ధతిని డోయాస్ అంటారు. వాయువు శోషణ వలన వర్ణపటంలో ఏర్పడే ఎత్తుపల్లాలను ప్రయోగశాలలో తీసిన నమూనాతో సరిపోల్చి వాయువు పరిమాణాన్ని తేల్చడం ఇందులోని కీలకం. 2005లో ఐరోపా సమాఖ్య నిధులతో మొదలైన నోవాక్ అనే పథకం కింద పలు దేశాల అగ్నిపర్వతాల వద్ద ఇటువంటి పరికరాలను శాశ్వతంగా నెలకొల్పారు. ఇవి ఆకాశాన్ని ఒక అంచు నుండి మరొక అంచుకు తమంతట తామే వెతుకుతాయి. అయినా ఒక్కొక్క వెతుకులాటకు కొన్ని నిమిషాలు పడుతుంది.

మొత్తం దృశ్యాన్ని ఒకేసారి చిత్రించాలనే ఆలోచన దాదాపు ఒకే కాలంలో రెండుచోట్ల ఫలించింది. జపాన్‌కు చెందిన తోషియా మోరి, అప్పట్లో ఇటలీలో పనిచేస్తున్న మైక్ బర్టన్ కలిసి జపాన్‌లోని సకురజిమా అగ్నిపర్వతం వద్ద చేసిన ప్రయోగాన్ని 2006లో ప్రకటించారు. అమెరికాలోని మిచిగాన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగ్ బ్లూత్ బృందం 2007లో తమ కెమెరాను వివరించింది.

పనిచేసే సూత్రం

ఏదైనా పదార్థం గుండా కాంతి ప్రయాణించినప్పుడు, ఆ దారిలో ఉన్న శోషక అణువుల సంఖ్యను బట్టి కాంతి తగ్గుతుంది. దీనిని బీర్-లాంబర్ట్ నియమం అంటారు. వాయుధార లేనిచోట ఆకాశపు కాంతి ఎంత ఉన్నది, వాయుధార వెనుక నుండి వచ్చిన కాంతి ఎంత మిగిలింది అనే రెండు విలువల నిష్పత్తికి సంవర్గమానం తీసుకుంటే వాయువు పరిమాణానికి అనులోమంగా ఉండే ఒక సంఖ్య వస్తుంది.

సల్ఫర్ డయాక్సైడ్ 280 నుండి 320 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని బాగా శోషిస్తుంది. ఆ పరిధిలో తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ శోషణ పెరుగుతుంది కనుక 290 దగ్గర కొలవడం మేలు కదా అని అనిపించవచ్చు. కాని 300 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల సూర్యకాంతిని పైనున్న ఓజోను పొర దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. అక్కడ కొలవడానికి కాంతే మిగలదు. అటు కాంతి చాలినంత ఉండి, ఇటు శోషణ కూడా ఉండే మధ్యేమార్గం 310 నానోమీటర్లు.

ఒక్క 310 నానోమీటర్ల చిత్రం సరిపోదు. వాయుధారలో బూడిద, నీటి తుంపరలు, గంధకామ్లపు తుంపరలు కూడా ఉంటాయి. అవి కూడా కాంతిని తగ్గిస్తాయి, కొన్నిసార్లు ఎండను ప్రతిఫలించి పెంచుతాయి కూడా. అందుచేత 330 నానోమీటర్ల వద్ద రెండవ చిత్రం తీస్తారు. అక్కడ సల్ఫర్ డయాక్సైడ్ శోషణ దాదాపు శూన్యం. బూడిద, తుంపరల ప్రభావం మాత్రం రెండు చిత్రాలలోనూ ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. మొదటి చిత్రం నుండి వచ్చిన సంఖ్యలో నుండి రెండవ చిత్రపు సంఖ్యను తీసివేస్తే మిగిలేది వాయువు వాటా.

ఇలా తెలిసేది ఒక ఘనపు మీటరు గాలిలోని గాఢత కాదని గమనించాలి. చూపు సాగిన దారి పొడవునా ఉన్న వాయువు మొత్తం ఒకే సంఖ్యగా వస్తుంది. దీనికి ప్రమాణం పీపీఎం-మీటరు. పది లక్షల భాగాలకు 100 భాగాల గాఢతతో 5 మీటర్ల మందం ఉన్నా, 5 భాగాల గాఢతతో 100 మీటర్ల మందం ఉన్నా కెమెరాకు రెండూ 500 పీపీఎం-మీటర్లే. మొత్తం బరువును లెక్కించడానికి ఈ తేడా అడ్డురాదు.

పరికరం నిర్మాణం

మామూలు కెమెరా కటకాలు గాజుతో తయారవుతాయి. గాజు ఈ కిరణాలను అడ్డుకుంటుంది కనుక ఇక్కడ స్ఫటికశిల (క్వార్ట్జ్) కటకాలు వాడతారు. కాంతిని గ్రహించే ఫలకం అతినీలలోహిత కాంతికి స్పందించేదై ఉండాలి. మసక చిత్రాలలో విద్యుత్ రొద తగ్గడానికి ఆ ఫలకాన్ని చల్లబరుస్తారు. సుమారు 10 నానోమీటర్ల వెడల్పు గల పట్టీని మాత్రమే వదిలే రెండు ఫిల్టర్లు ఉంటాయి. తొలి పరికరాలలో ఒకే కెమెరా ముందు ఫిల్టర్లను చక్రం మీద తిప్పేవారు. రెండు చిత్రాల మధ్య కొన్ని సెకన్ల ఎడం వచ్చి ఈలోగా వాయుధార కదిలిపోయేది. అందువలన తరువాత రెండు కెమెరాలను పక్కపక్కన బిగించి ఒకేసారి చిత్రించడం వాడుకలోకి వచ్చింది.

ఫిల్టరుకు ఒక గుణం ఉన్నది. కాంతి దాని మీద నిటారుగా కాక ఏటవాలుగా పడితే, అది వదిలే పట్టీ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. తక్కువ తరంగదైర్ఘ్యం వద్ద సల్ఫర్ డయాక్సైడ్ శోషణ ఎక్కువ కనుక, ఒకే పరిమాణం గల వాయువు చిత్రం మధ్యలో ఒక విధంగాను, అంచులలో మరొక విధంగాను కనిపిస్తుంది. ఫిల్టరును కటకం ముందు ఉంచాలా వెనుక ఉంచాలా అన్న ప్రశ్న మీద కూడా పరిశోధకులు శ్రద్ధ పెట్టడానికి ఇదే కారణం.

ఈ కెమెరాల ఖరీదు చాలాకాలం వరకు పేద దేశాల పరిశోధనాలయాలకు అందుబాటులో లేదు. ప్రమాదకరమైన అగ్నిపర్వతాలలో అనేకం అటువంటి దేశాలలోనే ఉన్నాయి. 2016లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొబైలు ఫోన్ల కోసం తయారయ్యే ఫలకం గల రాస్ప్‌బెర్రీ పై కెమెరాను దీనికి పనికివచ్చేలా మార్చి చూపారు. ఆ ఫలకం మీద రంగులను వేరుచేయడానికి ఉండే పలుచని పొర అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది. దానిని రసాయనాలతో కరిగించి తీసివేయగా మిగిలిన ఫలకం 310 నానోమీటర్ల వద్ద కూడా పనిచేసింది. ఖర్చు ఎన్నో రెట్లు తగ్గింది.

చిత్రం నుండి టన్నుల వరకు

నలుపును వాయువు పరిమాణంగా మార్చడానికి క్రమాంకనం అవసరం. తెలిసిన పరిమాణంలో సల్ఫర్ డయాక్సైడ్ నింపి మూసివేసిన స్ఫటికశిల బిళ్ళలను కెమెరా ముందు ఒకదాని తరువాత ఒకటి ఉంచి, ఒక్కొక్కదానికి చిత్రం ఎంత నల్లబడుతున్నదో చూడడం పాత పద్ధతి. ఎండ కోణం మారితే ఈ సంబంధం కూడా మారుతుంది కనుక పనిచేసినంతసేపూ మధ్యమధ్య దీనిని మళ్ళీ చేయవలసి ఉంటుంది. మరొక పద్ధతిలో కెమెరా చూసే దృశ్యంలోనే ఒక చుక్కను చూసేలా డోయాస్ వర్ణపటమాపకాన్ని పక్కన బిగిస్తారు. అది చెప్పిన విలువతో కెమెరా విలువను ఎప్పటికప్పుడు సరిచూసుకుంటారు. మనిషి లేకుండా నడిచే శాశ్వత కేంద్రాలకు ఈ రెండవ పద్ధతి అనువైనది.

తరువాత వాయుధారకు అడ్డంగా చిత్రం మీద ఒక గీత గీసి, ఆ గీత పొడవునా ఉన్న విలువలను కూడతారు. 24 డిగ్రీల మేర చూడగల కెమెరా 4 కిలోమీటర్ల దూరంలో ఉంటే, దృశ్యం వెడల్పు సుమారు 1.7 కిలోమీటర్లు. అడ్డంగా 1,024 చుక్కలు ఉన్నట్లయితే ఒక్కొక్క చుక్క సుమారు 1.7 మీటర్లకు సమానం. దూరం తప్పుగా తెలిస్తే లెక్క అంతా ఆ మేరకు తప్పుతుంది.

ఒక లెక్క చూద్దాం. వాయుధార వెడల్పు 300 మీటర్లు, సగటు విలువ 500 పీపీఎం-మీటర్లు, వేగం సెకనుకు 8 మీటర్లు అనుకొందాం. మామూలు ఉష్ణోగ్రత, పీడనాల వద్ద 1 పీపీఎం-మీటరు అంటే చదరపు మీటరుకు సుమారు 2.66 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. కనుక 500 పీపీఎం-మీటర్లు అంటే చదరపు మీటరుకు 1.33 గ్రాములు. దానిని 300తో గుణిస్తే వాయుధార పొడవులో ప్రతి మీటరుకు సుమారు 400 గ్రాములు. వేగంతో గుణిస్తే సెకనుకు 3.2 కిలోగ్రాములు. ఇదే తీరున రోజంతా వెలువడితే సుమారు 275 టన్నులు.

వేగాన్ని కూడా చిత్రాల నుండే తీసుకోవడం ఈ పద్ధతిలోని పెద్ద సౌలభ్యం. వాయుధారలో చిక్కని ముద్దలు, పలుచని ఖాళీలు ఒకదాని వెంట ఒకటి సాగుతుంటాయి. ఒక గీతను దాటిన ముద్ద కొంత దూరంలోని రెండవ గీతను ఎన్ని సెకన్లకు దాటిందో చూస్తే వేగం తెలుస్తుంది. ఇప్పుడు కంప్యూటరు ప్రతి చుక్క కదలికనూ విడివిడిగా అనుసరించే పద్ధతులు కూడా ఉన్నాయి. అయితే వాయుధార కెమెరాకు అడ్డంగా సాగుతున్నంతవరకే ఇది నమ్మదగినది. కెమెరా వైపుకో, దాని నుండి దూరంగానో గాలి వీస్తుంటే కనిపించే వేగం అసలు వేగం కంటే తక్కువగా ఉంటుంది.

దోషాలు, పరిమితులు

దూరపు కొండలు నునుపు అని సామెత. అవి నునుపుగా మాత్రమే కాదు, నీలంగా, వెలిసిపోయినట్లు కూడా కనిపిస్తాయి. కొండకు, మనకు మధ్య ఉన్న గాలి సూర్యకాంతిని చెదరగొట్టి మన కంటి వైపు పంపడమే దీనికి కారణం. కెమెరాను అన్నిటికంటే ఎక్కువగా మోసగించేది ఇదే దృగ్విషయం. వాయుధార వెనుక నుండి రావలసిన కాంతిలో కొంత దారిలోనే పక్కకు చెదిరిపోతుంది. వాయుధారను అసలు తాకని కాంతి మధ్యలో వచ్చి చేరుతుంది. నల్లగా కనిపించవలసిన చోటు వెలిసిపోయి, వాయువు ఉన్నదానికంటే తక్కువగా ఉన్నట్లు తోస్తుంది.

గాలి అణువుల వలన జరిగే ఈ పరిక్షేపణం తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతానికి విలోమంగా ఉంటుంది. 620 నానోమీటర్ల నారింజ రంగు కాంతితో పోలిస్తే 310 నానోమీటర్ల కాంతి సుమారు 16 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. సముద్రమట్టం దగ్గర పరిశుభ్రమైన గాలిలో సైతం ఈ కాంతి 5 కిలోమీటర్లు ప్రయాణించేసరికి సుమారు 40 నుండి 45 శాతం దారి తప్పుతుంది. మంచు, దుమ్ము ఉంటే చెప్పనక్కరలేదు. 330 నానోమీటర్ల చిత్రం కూడా ఈ దోషాన్ని పూర్తిగా సరిచేయలేదు. సవరణ చేయకపోతే కెమెరా చెప్పే సంఖ్య అసలు విలువలో సగమే కావచ్చు. వాయుధార ఎంత చిక్కగా ఉంటే దోషం అంత ఎక్కువ. పర్వతం ప్రమాదకరంగా ఉన్నప్పుడు మనుషులు దూరంగా జరుగుతారు, వాయువు చిక్కబడుతుంది. అంటే కొలత మీద ఎక్కువగా ఆధారపడవలసిన రోజునే అది తక్కువ చూపించే ప్రమాదం ఉన్నది. తక్కువ సంఖ్యను చూసి ధైర్యపడేవారు ముందుగా అడగవలసినది కెమెరా ఎంత దూరంలో ఉన్నదన్న ప్రశ్న.

దీనికి ఒక చక్కని ఉపాయం ఉన్నది. కొండ వాలు అతినీలలోహిత కాంతిలో దాదాపు నల్లగా ఉంటుంది. ఆ వాలు మీద వేర్వేరు దూరాలలోని చోట్లు చిత్రంలో ఎంతెంత వెలుగుగా కనిపిస్తున్నాయో చూస్తే, ఆ వెలుగంతా మధ్యనున్న గాలి తెచ్చిపెట్టినదే కనుక, ఆ రోజు గాలి ఎంత కాంతిని చెదరగొడుతున్నదో లెక్కించవచ్చు. దానితో వాయుధార విలువలను సవరిస్తారు. కొలవవలసిన కొండే కొలబద్దగా ఉపయోగపడుతుందన్నమాట.

బూడిద చిక్కగా ఉంటే కెమెరాకు ఏమీ కనిపించదు. పెద్ద విస్ఫోటనాల నడుమ ఈ పరికరం చేయగలిగినది తక్కువ, అప్పుడు ఉపగ్రహాలే శరణ్యం. వెనుక మేఘాలు కదులుతుంటే ఆకాశపు అసలు వెలుగు ఎంతో తేలదు. రాత్రి పని జరగదు. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు 310 నానోమీటర్ల కాంతి ఓజోను పొరలో మరింత తగ్గిపోతుంది కనుక పగటిలో నడిమి గంటలే అనుకూలం.

కొన్ని ముఖ్య ఫలితాలు

ఇటలీలోని స్ట్రాంబోలి ద్వీపంలో గంటకు పలుమార్లు చిన్న పేలుళ్ళు జరుగుతుంటాయి. ఒక్కొక్క పేలుడులో ఎంత వాయువు బయటపడుతున్నదో అంతకుముందు పద్ధతులకు అందేది కాదు. మోరి, బర్టన్ 2009లో ప్రచురించిన కొలతల ప్రకారం ఒక్కొక్క పేలుడులో వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ సుమారు 15 నుండి 40 కిలోగ్రాములు. మొత్తం ఉద్గారంలో పేలుళ్ళ వాటా 3 నుండి 8 శాతమే. చూపరులను ఆకట్టుకొనే నిప్పుల జల్లు కంటే, పేలుళ్ళ మధ్య చప్పుడు లేకుండా సాగే వాయుప్రవాహమే ఎన్నో రెట్లు పెద్దదని దీనివలన తేలింది.

జపాన్‌లోని అసామా పర్వతం వద్ద, గ్వాటెమాలాలోని ఫ్యూగో వద్ద కెమెరా కొలతలను భూకంపలేఖినుల నమోదులతో పోల్చి చూశారు. 2011లో ప్రచురితమైన ఈ రెండు అధ్యయనాలలో భూమి కంపనానికి, వాయువు వెలువడే తీరుకు సంబంధం కనిపించింది. పినతూబోలో వారాల మీద కనిపించిన గొంతు పూడుకుపోయే ప్రక్రియ ఫ్యూగో వంటి పర్వతంలో పేలుడుకు, పేలుడుకు మధ్య చిన్న ఎత్తున జరుగుతుంటుందని అక్కడి పరిశోధకులు సూచించారు. హవాయిలోని కిలావెయా శిఖర బిలంలో 2008 నుండి 2018 వరకు లావా సరస్సు ఉండేది. అక్కడ అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ తనంతట తానుగా పనిచేసే కెమెరాను నెలకొల్పింది. సరస్సు ఉపరితలం ఎగసిపడినప్పుడల్లా వాయువు, ప్రకంపనలు రెండూ పెరగడం అందులో నమోదైంది.

ఈ కెమెరా సల్ఫర్ డయాక్సైడ్‌ను మాత్రమే చూడగలిగినా, ఇతర వాయువులను లెక్కించడానికి కూడా తోడ్పడుతుంది. బిలం అంచున ఉంచిన పరికరం గాలిని పీల్చి కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్‌ల నిష్పత్తిని చెబుతుంది. కెమెరా చెప్పిన టన్నులను ఆ నిష్పత్తితో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ టన్నులు వస్తాయి. స్ట్రాంబోలిలో 2019 జులై 3న, ఆగస్టు 28న మామూలు పేలుళ్ళకు ఎన్నో రెట్లు పెద్దవైన విస్ఫోటనాలు జరిగాయి. జులైలో ఒక పర్వతారోహకుడు మరణించాడు. ఆ విస్ఫోటనాలకు ముందు కొంతకాలంగా కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం పెరుగుతూ వచ్చిందని ఇటలీ పరిశోధకులు 2021లో ప్రచురించారు. సల్ఫర్ డయాక్సైడ్ ఒక్కదానినే చూస్తే లోతులో జరిగే మార్పు స్పష్టంగా తెలియకపోవచ్చునని ఈ అనుభవం వలన తెలుస్తున్నది.

పొగగొట్టాలు, ఓడలు

పొగగొట్టం లోపల అమర్చిన పరికరంతో సరిపోల్చే వీలు ఉండడం వలన, అమెరికాలో ఒక బొగ్గు విద్యుత్కేంద్రం వద్ద ఈ కెమెరా కచ్చితత్వాన్ని పరీక్షించారు. నార్వేకు చెందిన స్వాల్బార్డ్ ద్వీపాలలోను, నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ రేవులోను ఓడల పొగను చిత్రించిన ప్రయోగ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. 2020 జనవరి నుండి ఓడల ఇంధనంలో గంధకం 0.5 శాతానికి మించరాదని అంతర్జాతీయ నిబంధన ఉన్నది, అంతకుముందు ఇది 3.5 శాతం. అయితే కెమెరా చెప్పేది సెకనుకు వెలువడే బరువును. నిబంధన ఇంధనంలోని శాతం మీద ఉన్నది. ఓడ ఆ సమయంలో ఎంత ఇంధనం మండిస్తున్నదో తెలియకపోతే ఒకదాని నుండి మరొకటి తేల్చలేము. నల్లని చిత్రం ఒక్కటే చూసి ఓడ మీద నేరం మోపడం కుదరదు.

భారతదేశంలో బొగ్గు విద్యుత్కేంద్రాలకు 2015 డిసెంబరు వరకు పొగగొట్టం ఎంత ఎత్తు ఉండాలనే నియమమే తప్ప, దాని నుండి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌కు గరిష్ఠ పరిమితి లేదు. ఆ నెలలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పరిమితులు విధించింది. వాటి అమలు గడువు పలుమార్లు పొడిగించబడింది. 2025 జులైలో జారీ అయిన ఉత్తర్వు ప్రకారం అధికభాగం కేంద్రాలకు పొగ నుండి గంధకాన్ని తొలగించే యంత్రాల ఏర్పాటు నుండి మినహాయింపు లభించింది. రామగుండం, కొత్తగూడెం, విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి వంటి బొగ్గు కేంద్రాల పరిసరాలలో నివసించే తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. ఇక్కడ కూడా పరిమితులు ఘనపు మీటరు పొగలో ఇన్ని మిల్లీగ్రాములు అనే రూపంలో ఉన్నందున, కెమెరా కొలతతో పాటు పొగగొట్టం నుండి సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల వాయువు వస్తున్నదో కూడా తెలియాలి. గంధకాన్ని నీటితో కడిగి తొలగించే కేంద్రాలలో పొగతో పాటు తెల్లని ఆవిరి దట్టంగా వస్తుంది. గొట్టం మూతి దగ్గర ఆ ఆవిరి కొలతకు ఇబ్బంది కలిగిస్తుంది.

భారతదేశంలో క్రియాశీలంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం. సుమారు ఒకటిన్నర శతాబ్దం తరువాత 1991లో మళ్ళీ మేల్కొని, ఆ తరువాత పలుమార్లు లావాను, బూడిదను వెలిగక్కింది. అక్కడ జనావాసం లేదు, ఓడ మీద నుండే చూడాలి. ఊగే ఓడ మీద నుండి తీసిన చిత్రాలలో కొండ అంచును ఆనవాలుగా పట్టుకొని ఒకదానితో ఒకటి సరిపెట్టుకోవలసి ఉంటుంది.